పేరు లేని బటన్

"అమ్మాయీ, మళ్ళీ పేరు లేని బటన్ దొరికింది!"

శుక్రవారం భోజనాల వేళ దాటగానే వచ్చే మాస్టారి ఫోన్ ఎప్పుడూ ఇలాగే మొదలయ్యేది.

ఆయనకు చూపు లేదు. ఒకప్పుడు టైపు నేర్పేవారు. ఇప్పుడు ఒక కంపెనీ తయారుచేసే వెబ్‌సైట్లు తనలాంటివాళ్ళకు పనికొస్తాయో లేదో ఇంటి దగ్గరే పరీక్షించి చెబుతారు. కంప్యూటర్ పేజీని పైకి చదువుతుంది, ఆయన వింటారు. అందుకోసం ప్రతి బటన్‌కూ కోడ్‌లో ఒక పేరు రాసి ఉండాలి. లేకపోతే కంప్యూటర్ ఉత్తినే "బటన్" అని ఊరుకుంటుంది. ఆ కంపెనీలో ఆ పేర్లు రాసే ఇంజనీరు ఆమె.

"నొక్కితే టిక్కెట్టు వస్తుందో, ఉన్న టిక్కెట్టు ఊడుతుందో ఎలా తెలియాలి? దీనికంటే నా చొక్కా గుండీలే నయం."

"సారీ మాస్టారూ. ఇప్పుడే సరిచేస్తాను."

"చేద్దువుగానిలే, తొందరేముంది? కిటికీలోంచి ఇవాళేం కనిపిస్తోంది?"

ఆమె చెప్పేది. ఎదురింటి రేకుల మీద ఆరేసిన ఒంటి సాక్సు. దాన్ని ముక్కుతో లాగుతున్న పావురం. ఆయన పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఆమె వారమంతా కిటికీలో కనిపించినవన్నీ పోగుచేసుకునేది.

ఆఫీసులో అందరి చెవులకూ హెడ్‌ఫోన్లే. పక్క సీటతను కూడా ఏం కావాలన్నా మెసేజే పెడతాడు. గదికి వెళ్తే ఒక కుర్చీ, ఒక కప్పు.

"ఎన్నాళ్ళే ఇలా ఒంటిపిల్లి రాకాసిలా? ఎవరితోనైనా కాస్త మాట్లాడవే" అని అక్క ఫోన్లో విసుక్కునేది.

"మాస్టారితో మాట్లాడుతున్నానుగా."

"అది డ్యూటీ తల్లీ! అదీ ఒక మాటేనా?"

ఒక సోమవారం మేనేజరు ఆమెను పిలిచాడు.

"నీ పేజీలన్నీ అద్దంలా ఉంటాయి. ఈ టిక్కెట్ల పేజీలోనే వారానికో బటన్ నీ కళ్ళుగప్పి ఎలా పోతోంది? మాస్టారి రిపోర్టులో ఇంకొక్క తప్పు వచ్చిందంటే పేజీ వేరేవాళ్ళకిచ్చేస్తా. ఆయన ఫోన్లూ వాళ్ళే చూసుకుంటారు."

ఆమె సీటుకు తిరిగొచ్చి టిక్కెట్ల పేజీ తెరిచింది.

ఆ శుక్రవారం పొద్దున్న కళ్ళు మూసుకుని పేజీ మొత్తం విన్నది. ప్రతి బటన్ తన పేరు తాను చెప్పుకుంది.

భోజనాల వేళ దాటింది. ఫోన్ మోగలేదు. మాస్టారి రిపోర్టు మాత్రం వచ్చింది. ఒక్క తప్పూ లేదట. దూరం నుంచే మేనేజరు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె నవ్వబోయింది, కుదరలేదు.

రేకుల మీద సాక్సు అలాగే ఉంది. పావురం రాలేదు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె కూడా బ్యాగు భుజానికి తగిలించుకుంది. అప్పుడు మోగింది ఫోన్.

"అమ్మాయీ... మళ్ళీ పేరు లేని బటన్ దొరికింది." ఎందుకో ఆయన గొంతు తడబడింది. "చిన్నదేలే. రిపోర్టుకెక్కించలేదు, మనలో మనం చూసుకుందాం. అది సరే, కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

ఆమె బ్యాగు కింద పెట్టి, కుర్చీని కిటికీ వైపు జరుపుకుంది.

ఇన్ని వారాల్లోనూ, ఆమె తన చేత్తో ఏ బటన్ పేరూ చెరిపేయని వారం అదొక్కటే.