తాడు మీద రెండో చోటు

షరతు పెట్టింది షావుకారే. అందుకే ఆయన నిబ్బరంగా ఉన్నాడు.

గొట్టాలు, కుళాయిలు అమ్ముకునే మనిషికి మంచుకొండతో ఏం పని అని అడగకండి. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లకు గొట్టాల కంపెనీ ఇచ్చిన బహుమతి ఆ కొండెక్కే యాత్ర. ఆలుమగలిద్దరికీ ఉచితం. ఎప్పుడూ కొండెక్కనివాళ్ళ కోసమేనట, గైడు వెంట ఉంటాడట, వారం రోజులట. తలా ఒక గోడగడియారం ఇచ్చి ఉంటే అందరూ సుఖపడేవాళ్ళు. కానీ ఊరికే వచ్చినదాన్ని వదులుకోవడం షావుకారు వంశంలో లేదు.

అంతకు నెల ముందే ఆయన రెండో దుకాణం అద్దెకు తీసుకున్నాడు. దాని తాళాలు తనకిమ్మని భార్య అడిగింది. పద్దెనిమిదేళ్ళుగా మొదటి దుకాణంలో బిల్లులు రాసేది ఆవిడే. ఏ అరలో ఏ సైజు కుళాయి ఉందో కళ్ళు మూసుకుని తీసిచ్చేదీ ఆవిడే.

"బిల్లు రాసినంత తేలికనుకున్నావా దుకాణం నడపడమంటే? గుండె కావాలే, గుండె!" అన్నాడు షావుకారు.

"ఎవరి గుండె ఎంతో ఏ తక్కెడలో తూస్తారండీ?"

"కొండ మీద తూద్దాం. మనిద్దరిలో గట్టివాళ్ళెవరో గైడే తేలుస్తాడు. వాళ్ళవే తాళాలు. అతను చెప్పిందే తీర్పు, మళ్ళీ బేరం లేదు."

ఆవిడ వెంటనే ఒప్పుకుంది. బేరమాడకుండా ఒప్పుకునేవాళ్ళకు సరుకు విలువ తెలియదని షావుకారు నమ్మకం.

కొండ కింద గుడారాల దగ్గర ఇంకో ఇద్దరు కలిశారు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన లెక్కల మాస్టారు. గైడు చూడబోతే పొట్టిగా, బక్కగా ఉన్నాడు. సిమెంటు బస్తా ఎత్తమంటే బస్తాయే అతన్ని ఎత్తేలా ఉంది. 'ఇతనా మనల్ని ఎక్కించేది!' అనుకున్నాడు షావుకారు.

కానీ అతను మనుషుల విలువ తెలిసినవాడని మర్నాటికే ఒప్పుకోవలసి వచ్చింది. నడకలో గంటకోసారి ఆగి, "సార్, నీళ్ళు తాగారా? తలనొప్పేమైనా ఉందా?" అని గైడు ఆయన్నే అడిగాడు. ఆయన సంచిలోని బరువు సగం తీసి తన సంచిలో వేసుకున్నాడు. మాస్టారి సంచి వైపు కన్నెత్తి చూడలేదు. సాయంత్రం వేడి సూపు మొదటి గ్లాసు ఎవరికందిందో చెప్పనక్కర్లేదు.

"గైడుకి ముందే ఏదో ముట్టజెప్పినట్టున్నారు షావుకారుగారు," అన్నాడు డాక్టరు, ఆయన గ్లాసు వైపు చూస్తూ.

"పైసా ఇవ్వలేదండీ. మొహం చూస్తే తెలీదూ? పెద్ద ఖాతాదారు గడప తొక్కితే మేం మాత్రం కుర్చీ వెయ్యమూ!"

భార్యకు ఎవరూ కుర్చీ వేయలేదు. గైడు ఆమె తలనొప్పి సంగతే ఎత్తలేదు. ఆవిడ తన సంచి తను మోసుకుంటూ, అడుగు చూసి అడుగు వేస్తూ వెనకాల వచ్చింది. 'పాపం' అనుకున్నాడు ఆయన. పాపం అనుకోవడానికి ఖర్చేముంది?

మూడోరోజు మంచు వాలు మీద అభ్యాసం. కావాలని జారాలి, చేతిలోని మంచుగొడ్డలి దిగేసి ఆగాలి. చదువుకున్నవాళ్ళు ఇంత దూరం వచ్చి చేసే పని ఇదీ. షావుకారు జారిన ప్రతిసారీ గైడు స్వయంగా కిందికి వెళ్ళి చెయ్యిచ్చి లేపాడు. మిగతావాళ్ళు ఎవరికి వాళ్ళే లేచి మంచు దులుపుకున్నారు.

శిఖరం ఎక్కే రోజు గైడు ఐదుగురినీ ఒకే తాడుకు వరసగా కట్టాడు. ముందు తను. రెండు బారల ఎడంలోనే షావుకారు. ఆ వెనక దూరదూరంగా డాక్టరు, మాస్టారు. తాడు చిట్టచివర షావుకారు భార్య.

ఆ వరస చూడగానే ఆయనకు లెక్క తేలిపోయింది. దుకాణంలో గల్లా పక్కన ఎవరిని కూర్చోబెడతాం, గుమ్మంలో ఎవరిని నిలబెడతాం? ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఏమే, తోకలో ఎలా ఉంది?"

"గాలి బాగా ఆడుతోందండీ!"

"తాళాల సంగతి తేలిపోయినట్టేగా?"

"నాకూ అలాగే అనిపిస్తోంది," అంది ఆవిడ.

శిఖరం మీద పావుగంట ఫొటోలు దిగారు. కిందికి దిగేటప్పుడు వరస తిరగబడింది. ఇప్పుడు ఆవిడ అందరికంటే ముందు, గైడు అందరికంటే వెనక. షావుకారు మళ్ళీ గైడు పక్కనే. ఖరీదైన సరుకును యజమాని కంటి ముందు పెట్టుకుని తీసుకెళ్ళడం ఆయనకు తెలియని పద్ధతేం కాదు. రెండుసార్లు కాలు తడబడింది. ఆయన పడకముందే గైడు తాడు బిగించి నిలబెట్టాడు. సొంత అల్లుడైనా అంత కనిపెట్టుకుని ఉంటాడా?

కింద గుడారంలో అందరూ టీ తాగుతుండగా షావుకారు తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. సాక్షులుండగా బేరం ముగించడం ఆయన అలవాటు. షరతేమిటో డాక్టరుకీ మాస్టారికీ విడమరిచి చెప్పాడు.

"ఇప్పుడు చెప్పవయ్యా. మా ఇద్దరిలో గట్టివాళ్ళెవరు?"

గైడు టీ గ్లాసులోకి చూశాడు. "ఎందుకులెండి సార్. ఇద్దరూ ఎక్కారు కదా."

"అదుగో మొహమాటం! ఆవిడేమీ అనుకోదులే. నన్ను నీ వెనకే కట్టుకున్నావా లేదా?"

"కట్టుకున్నాను సార్."

"ఆవిణ్ణి చివర కట్టావా లేదా?"

"కట్టాను."

"ఎందుకలా కట్టావో అది చెప్పు చాలు. వీళ్ళూ వింటారు."

గైడు గ్లాసు కింద పెట్టాడు.

"అందరికంటే ముందు జారేదెవరో వాళ్ళను మా చేతికందేలా కట్టుకుంటాం సార్, అందరం జారినా ఆపగలిగే మనిషిని చివర కడతాం."