కాస్త మోత ఉండేలా

“అందరూ చప్పుడు తగ్గించమని వస్తారు. పెంచమని అడిగింది నువ్వొక్కదానివేనమ్మా,” అన్నాడు మోటారు వైండింగ్ మేస్త్రి.

కుర్చీల షాపులో, బల్ల మీద చెక్కను నున్నగా రుద్దే మిషను విప్పి ఉంది. ఇన్నాళ్ళూ అది గాలితో తిరిగింది. మూలనున్న కంప్రెసర్ ట్యాంకులో గాలి నింపుతుంది. ఆ గాలి గొట్టంలోంచి వచ్చి మిషన్ని తిప్పుతుంది. ఇప్పుడు ట్యాంకు అడుగంతా తుప్పు. ఇంకా నింపితే పేలుతుందన్నాడు మేస్త్రి. అందుకే మిషను లోపలి రెక్కలు పీకేసి, కరెంటుతో తిరిగే చిన్న మోటారు బిగిస్తున్నాడు.

“కాస్త మోత ఉండేలా చూడు అన్నయ్యా. పైకి వినపడాలి.”

మేస్త్రి మరో మర బిగించాడు. పైన ఎవరున్నారో, ఆవిడకి ఏం వినపడాలో అతనికి తెలుసు.

పైన ఆమె అత్తగారు. తుంటి ఆపరేషనై ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే, ఈ షాపు నడిపే కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. గుండె తట్టుకోదు, చెప్పొద్దన్నాడు డాక్టరు. ఆపరేషనుకి ముందు తల్లీ కొడుకూ దేనికో మాటామాటా అనుకున్నారు. “నా కళ్ళకి కనపడకు,” అని కసిరిందావిడ. చివరికి ఆ మాటే కోడలికి అక్కరకొచ్చింది.

“ఇంకా కోపం తగ్గలేదు అత్తయ్యా. షాపులోనే పడుకుంటున్నారు. పైకి రానంటున్నారు.”

ఆవిడ మెట్లు దిగలేదు. కింద మిషను మోగితే చాలు, కొడుకు ఉన్నట్టే.

మొదట్లో కోడలు ఏదో పనికిరాని చెక్క మీద ఊరికే ఆడించేది. ఎలాగూ ఆడిస్తున్నాం కదా అని, తర్వాత సగంలో ఆగిన కుర్చీల మీద పెట్టింది. ఇప్పుడు కాస్త చెయ్యి తిరిగింది.

కొన్ని పొద్దులు మాత్రం గోడవైపు తిరిగి పడుకునే ఉండిపోయేది. పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినపడేది.

“ఏమ్మా, ఇంకా చప్పుడు లేదేం? కుంభకర్ణుడు లేవలేదా?”

“లేస్తారు అత్తయ్యా.”

“లేస్తారు కాదు, వెళ్ళి లేపు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని చెప్పు.”

కోడలు లేచి, మొహం కడుక్కుని, కిందికి వెళ్ళేది.

మధ్యాహ్నం మరో గోల. “ఇద్దరి అన్నమూ కిందికే పట్టుకెళ్ళు. వాడికి ఎదురుగా కూర్చుని నువ్వూ తిను. గిన్నె ఖాళీగా పైకి రావాలి, నేను చూస్తాను.”

ఆ గిన్నె ఖాళీ చెయ్యాలి గనక కోడలు తినేది.

మోటారు బిగించడం అయింది. ఆమె మీట నొక్కింది. తుమ్మెదలా సన్నగా గుయ్యిమంది మిషను. ఆ చప్పుడు గుమ్మం కూడా దాటదు.

“దీనికి ఇంతకంటే గొంతుండదమ్మా,” అన్నాడు మేస్త్రి, తల దించుకుని పనిముట్లు సర్దుకుంటూ.

ఇంకో అబద్ధం కూడగట్టుకుంటూ ఆమె మెట్లెక్కింది.

“మీ అబ్బాయి మిషన్ని కరెంటుకి మార్పించారు అత్తయ్యా. ఇక మీకు వినపడదు. కానీ కిందే ఉంటారు. పని చేస్తూనే ఉంటారు.”

చెబుతూనే మంచం మీద దుప్పటి సర్దబోయింది.

అత్తగారు ఆమె చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టుకుంది. కనుబొమ్మల మీద పేరుకున్న చెక్కపొడిని కొంగుతో తుడిచింది.

“కుర్చీ కాళ్ళు నున్నగా వస్తున్నాయా?”

“వస్తున్నాయి అత్తయ్యా. ఈ మధ్యే నాకు... ఆయనకి, బాగా కుదురుతున్నాయి.”

ఆవిడ తుడుస్తున్న చెయ్యి ఆగలేదు.

“వాడు ఏనాడూ ట్యాంకు నిండేదాకా ఆగలేదు తల్లీ, మిషను దమ్ము చాలక మూలుగుతూనే ఉండేది, నువ్వు మొదటిరోజు నుంచీ నిండనిచ్చి మొదలుపెడుతున్నావు.”