ఉతకని కోటు

డ్రిల్లు కోసం టైర్లు తగలబెట్టిన డ్రమ్ములో, ఫైర్‌స్టేషన్లో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన గ్లవుజు తొడుక్కున్న చెయ్యి పెట్టి కలియబెట్టాడు. ఆ చేత్తో కొత్తగా చేరినవాడి వీపు మీద గట్టిగా ఒక చరుపు చరిచాడు.

"ఇదిగో, ఇప్పుడు ఫైర్‌మన్‌లా ఉన్నావు. ఇందాకటిదాకా పెళ్లికొడుకులా ఉన్నావురా."

నిన్ననే ఉతికిన కోటు మీద ఐదు నల్లటి వేళ్లు పడ్డాయి. యార్డులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. కొత్తవాడూ నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు? బాబాయ్ ఆ గ్లవుజుని రెండు వేళ్లతో లాగి అవతల పారేసి, తన కుర్చీలో కూర్చున్నాడు.

స్టేషన్ ఆఫీసర్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆవిడ బదిలీ మీద వచ్చి నెల కాలేదు. వచ్చిన రోజు నుంచీ ఈ స్టేషన్లో అన్నం సయించడం లేదు. భోజనాల బల్ల పక్కనే మేకులకు మసి కోట్లు వేలాడుతుంటాయి. వాటి నుంచి రాలిన నలుసులు కంచాల్లో పడితే ఉఫ్ అని ఊదుకుని తింటారు. కమిలిన హెల్మెట్లలో ఉల్లిపాయలు పోసిపెట్టుకుంటారు. పాలిష్ డబ్బాలు వచ్చినవి వచ్చినట్టే ఖాళీ అయిపోతాయి గానీ ఒక్కడి బూట్లూ మెరవవు. ఎవరి కోటు ఎంత నల్లగా ఉంటే వాడు అంత మొనగాడు, ఇదీ ఇక్కడి లెక్క. తెలిసి తెలిసి విషాన్ని భుజాన వేసుకుని మీసం మెలేసే ఈ మనుషుల్ని చూస్తే ఆవిడకి జాలి కన్నా ముందు రోత పుడుతుంది.

ఆ లెక్కన అందరికన్నా మొనగాడు బాబాయ్. ఆయన కోటు తారు పూసినట్టుంటుంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. మంట ఆర్పి వచ్చిన ప్రతిసారీ, "ఇక్కడ పెడితే ఏ శుభ్రాలరాయుడో ఉతికేస్తాడు" అంటూ సంచిలో కుక్కి ఇంటికి పట్టుకుపోతాడు. తెచ్చాక లాకర్లో పెట్టి తాళం వేస్తాడు.

"అందరూ వినండి" అందావిడ. "ఇకనుంచి మంటకి వెళ్లొచ్చిన ప్రతిసారీ కోటు ఉతకాల్సిందే. ఆ మసి చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. డాక్టరుగారు వచ్చి చెప్పారు కదా."

అందరూ బాబాయ్ వైపు చూశారు. ఆయన తీరిగ్గా కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు మా వాడి కూతురివి కాబట్టి చనువుగా చెప్తున్నా. నా కోటుకి ఈనాటి వరకూ సబ్బు చూపించలేదు. రేపో మాపో రిటైరవుతున్నా. నాకు దగ్గుందా, ఆయాసముందా? వీళ్లకన్నా ముందు నిచ్చెనెక్కుతా. మసి మనిషిని చంపేదే అయితే ముందు నన్ను చంపాలిగా?"

"మా నాన్నని చంపింది."

"మీ నాన్నది రాతమ్మా. నన్ను చూసి పాపం వాడూ ఏనాడూ ఉతకలేదు. నేనంటే వాడికంత అభిమానం."

చిన్నప్పుడు నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆవిడ ఆ కోట్లో మొహం దూర్చేది. కాలిన రబ్బరు, ప్లాస్టిక్, చెమట కలిసిన వాసన. అదే నాన్న వాసన అనుకునేది. ఆ తర్వాత గొంతు కేన్సర్ వచ్చి, చివరికి గుక్కెడు నీళ్లు కూడా మింగలేక పోయాడాయన. ఇప్పుడా వాసన తగిలితే చాలు, వాంతి వచ్చినట్టుంటుంది.

పంపు ఆపరేటర్ పక్కకి తిరిగి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆవిడ కొత్తవాడి దగ్గరికి వెళ్లింది.

"ఇంటికెళ్లగానే పాపని ఎత్తుకుంటావా?"

"తలుపు తియ్యగానే మీదకి దూకేస్తుంది మేడమ్."

"ఈ కోటు మీదకే?"

వాడు తల దించుకున్నాడు. "అందుకే ఉతికాను మేడమ్. కానీ ఇంక ఉతకను. మంటల్లోకి వెళ్లేది వీళ్లతోనే కదా, వెలేస్తే ఎలా? అయినా బాబాయ్‌కేం కాలేదుగా."

ఎక్కడికి వెళ్లినా ఇదే మాట. డాక్టరు గంటసేపు చెప్పినా, ఆవిడ వచ్చినప్పటి నుంచీ మొత్తుకున్నా, బాబాయ్ ఆరోగ్యం ముందు ఏదీ నిలవదు.

బాబాయ్ లేచి ఒళ్లు విరుచుకున్నాడు. లాకర్ తీసి తువ్వాలూ సబ్బూ పట్టుకుని స్నానానికి బయల్దేరాడు.

"ఇంక సబ్బు అరిగేదాకా రాడు" అన్నాడెవరో. మళ్లీ నవ్వులు.

లాకర్ తలుపు తెరిచే ఉంది. ఈ ఒక్క కోటు అందరి కళ్లముందూ ఉతికితే మిగతావి వాటంతటవే దిగొస్తాయి అనిపించిందావిడకి. మొహానికి మాస్కు బిగించింది, చేతులకి గ్లవుజులు వేసుకుంది. చచ్చిన ఎలకని ఎత్తినట్టు ఆ కోటుని ఎడంగా పట్టుకుని యార్డులో కుళాయి దగ్గరికి నడిచింది.

పంపు ఆపరేటర్ కంగారుగా వెంటపడ్డాడు. "వద్దు మేడమ్. ఆయన చూస్తే ఊరుకోడు."

"చూడనీ."

బొత్తాలు తీసి కోటుని రాతి మీద పరిచింది. లోపలి గుడ్డ తెల్లగా ఉంది. మెడ దగ్గర చెమట మరక కూడా లేదు. ఆవిడ చెయ్యి కుళాయి మీదే ఆగిపోయింది.

మాస్కు కిందకి లాగింది. కాలర్ని రెండు చేతులా ఎత్తి, చిన్నప్పుడు నాన్న కోటుని చూసినట్టే, మొహానికి ఆనించుకుని వాసన చూసింది.

బూట్ పాలిష్.