జేబు మూల కుట్టు

“ఏంది సుగంధీ, మిషను ఇడిసిపెట్టి నా ఎనకాలే తిరగతా ఉండావు? పనికొచ్చినావా, ఊరేగింపుకొచ్చినావా?”

కుట్టు షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. ప్యాంటు జేబుల మూలలు చినగకుండా గట్టికుట్లు వేయడం సుగంధి పని. సూపర్‌వైజరుగా నేను బల్లల మధ్య తిరుగుతుంటే, రెండు వరసల నుంచి ఆమె నా వెంటే వస్తోంది.

“దారానికి పోతా ఉండా సార్.”

“దారం నీ బల్ల మీదే ఉండాదే! ఇంకోసారి సీటు ఇడిస్తే రేపట్నుంచి రాబాకు.”

ఆమె తల దించుకుంది. అయినా నా వెనక నుంచి జరగలేదు. నాకు మాత్రమే వినపడేలా అంది: “అన్నా, గోడకి ఆనుకోండి. ఎనక జేబు కాడ ప్యాంటు చినిగిపోయుండాది.”

చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. నాలుగు వేళ్లు దూరాయి.

సునామీ రావడానికి నెల ముందు చనిపోయిన నా భార్య అంబుజం, రోజూ నన్ను ఒకసారి వెనక్కి తిప్పి చూశాకే గుమ్మం దాటనిచ్చేది.

ఇస్త్రీ బల్ల చాటున తుండు కట్టుకుని నిలబడ్డాను. సుగంధి చినుగు కుట్టి, జేబు మూలల్లో గట్టికుట్టు వేసి ప్యాంటు తెచ్చిచ్చింది. “రెండో జేబుకీ ఏసినా అన్నా. అదీ పోయేట్టుండాది.”

తొడుక్కుని షెడ్డు మధ్యకి వెళ్లాను.

“ఇందాక నా ప్యాంటు చినిగింది. మీకు కనపడకూడదనే సుగంధి నా ఎనక నడిచింది. తెలీక అందరి ముందరా అరిచినా.”

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. సుగంధి తలెత్తకుండా, “ఇంత కష్టపడి దాస్తే మీరే దండోరా ఏసినారే సార్” అంది.

ఆ నవ్వు అయిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.