మెట్ల మలుపులో మొహం

"ఆ కళ్ళు తెరిపించకు తల్లీ."

ముసలావిడ నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుంది. పైన రంగు డబ్బాతో ఉన్న వెండెల్ బిత్తరపోయి కిందికి చూశాడు.

రోజలిండ్‌కు చిరాకేసింది. అమెరికాలోని బఫెలోలో ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న ఆ పాత సినిమా హాలును తిరిగి తెరవడానికి ముస్తాబు చేయిస్తున్నది ఆమే. పైకప్పుకు బంగారు రేకు అతికించారు. ఎర్ర మఖమలు తెరలు వచ్చాయి. ఇక మిగిలింది ముందు హాలు గోడల మీది ప్లాస్టర్ మొహాలు.

అన్నీ ఒకే పడుచు మొహం. అన్నిటికీ కళ్ళు మూసే ఉన్నాయి.

"సరదాగా సినిమాకొచ్చేవాళ్ళకి నిద్రమొహాలు చూపిస్తామా పెద్దమ్మా? నీలం కళ్ళు దిద్దుతున్నాం. హాలు కళకళలాడిపోతుంది."

"నిద్ర కాదమ్మా అది..."

"ఇంతకీ మీరెవరు? లోపలికెవరు రానిచ్చారు?"

"అసుంతా అంటారు. ఎదురుగానే ఉంటా, చెప్పుల షాపు మీద." ఆవిడ మెట్ల మలుపు వైపు చూసింది. అక్కడి మొహం చేతికందే ఎత్తులో ఉంది. "అదొక్కటైనా వదిలెయ్. పోనీ, ఓసారి ముట్టుకుని వెళ్ళిపోతా."

"అడుగు రంగు తడి ఆరలేదు, ముట్టుకోకూడదు. పదండి."

రోజలిండ్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని మర్యాదగానే బయటికి నడిపించి, తలుపు వేసేసింది.

ఆవిడ చాలాసేపు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది.

గోడల మీద ఒక్కొక్క జతే కళ్ళు తెరుచుకున్నాయి.

ఊడ్చే మార్గీ ముందు హాల్లోకి రానని మొండికేసింది.

"వీపు మీద చూపు పడుతోంది మేడమ్. నవ్వితే నవ్వుకోండి."

రోజలిండ్ నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం ఆమెకూ కనిపించింది.

"వెండెల్, చూపు తిన్నగా పెట్టమన్నాగా? అన్నీ తలుపు వైపు చూస్తున్నాయేం?"

"తిన్నగానే పెట్టాను." వెండెల్ గొంతు తగ్గించాడు. "నిన్న మళ్ళీ దిద్దాను కూడా."



మెట్ల మలుపులోని మొహానికి మాత్రం రంగు పట్టడం లేదు. వేసింది వేసినట్టే పెచ్చులై రాలిపోతోంది. రోజలిండ్ తనే చిన్న కత్తి పుచ్చుకుని రెప్ప అంచు గీకింది.

కత్తి మొనకు ఏవో వెంట్రుకలు అంటుకొచ్చాయి.

పొట్టివి. వంపు తిరిగినవి.

కనురెప్పల వెంట్రుకలు.

"నిజం మనిషి మొహం మీంచి తీసిన అచ్చు ఇది" అంది రోజలిండ్. "మిగతావన్నీ దీన్నుంచి పోసినవే."

"దానికంత భయమెందుకు? అప్పట్లో అలా తీసేవాళ్ళుగా. ముక్కుల్లో గొట్టాలు పెట్టి, ఊపిరాడేట్టు చూసుకుని..."

రోజలిండ్ ముక్కు కింద వేలితో తడిమింది. గొట్టాలు పెట్టిన గుర్తు లేదు.

"ఊపిరికి దారి వదల్లేదు వెండెల్" అంది మెల్లగా. "ఆ అవసరం లేకపోయింది."

కత్తి అక్కడే పడేసి రోడ్డు దాటింది.

చెప్పుల షాపు యజమాని కార్మెలో ఓ బూటు మడమకు మేకు కొడుతున్నాడు.

"పైన అసుంతాగారు ఉన్నారా?"

"మొన్న గురువారమే పూడ్చి వచ్చాం. మీ తలుపు దగ్గర్నుంచి వచ్చి మంచమెక్కింది, మళ్ళీ లేవలేదు."



"ఆవిడ... ఆవిడకి ఆ మొహాలతో ఏంటి సంబంధం?"

కార్మెలో సుత్తి పక్కన పెట్టాడు.

"వాటిని పోసిన బెల్లాండి కూతురు. పుట్టిన పూటే తల్లి పోయింది, ఇంట్లో ఒక్క ఫొటో లేదు. అమ్మని చూడాలనిపించినప్పుడల్లా మా అసుంతా సినిమాకి వెళ్ళేది."