తెరకు కొట్టిన మందు

కాటన్‌పేట కల్యాణ మంటపంలో వేదిక వెనక తెర కుట్టింది మునిలక్ష్మే. తెల్లారితే ఆమె అక్క కూతురి పెళ్లి అక్కడే.

“తెరకంతా నిప్పంటుకోకుండా మందు కొట్టిచ్చినాం లేక్కా,” అన్నాడు నడుముకు పేజరు పెట్టుకు తిరిగే మేనేజరు గిరీష్. ఆమెకు నమ్మకం కుదరలేదు. మందు కొట్టిన గుడ్డ కాస్త బిరుసెక్కాలి. ఇది మెత్తగానే ఉంది.

రాత్రి అందరూ భోజనాలకు దిగాక, తెర అంచు నుంచి చిన్న పీలిక కత్తిరించి అగ్గిపుల్ల గీసింది. పీలికను తాకేలోపే మంట ఆరిపోయింది. ఫ్యాన్లు తిరగడం లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. ఇంకో పుల్ల గీసింది. ఈసారి తెర వెనక నుంచి ఎవరో ఊదిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

గుట్టు బయటపడుతుందని గిరీషే దాక్కున్నాడనుకుంది.

“చాల్లేప్పా నీ దొంగాటలు. బయటికి రా.”

“ఎవరితో మాట్లాడతాండావక్కా?” గిరీష్ గొంతు వీధి గుమ్మం దగ్గర నుంచి వచ్చింది.

మునిలక్ష్మి తెర పక్కకు లాగింది. వెనక ఉత్త గోడ. గోడకూ తెరకూ మధ్య చెయ్యి కూడా పట్టదు.

ఆమె పట్టుకున్న గుడ్డ మెల్లగా వణికింది. చెవి పక్కనే ఒక ఆడగొంతు బతిమాలుతున్నట్టు అంది.

“వద్దమ్మా. మళ్లా కాలలేను.”