డేగలకోట లోపాలు

శత్రువు ఇవాళ కూడా కోట తలుపు మూయడం మరిచిపోయాడు.

హరిలాల్‌కు నవ్వొచ్చింది. గొడ్డళ్లు పట్టిన తన సైనికులను వరసగా లోపలికి తోలాడు. డేగల రాజు ఒక్క బాణమూ వేయించలేదు. బంగారు గనిని పిలిచి మరీ చేతుల్లో పెట్టినట్టే ఉంది.

"మళ్ల గెలిచిన," అన్నాడు పైకే. వినడానికి పక్క కుర్చీల్లో ఎవరూ లేరు.

తొర్రూరు బస్టాండ్ ఎదురు సందులో ఉంది అతను ఈ కంప్యూటర్ ఆట ఆడే నెట్ సెంటర్. సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి. కోచింగ్ మూతపడింది. గదిలో తనతో ఉండే కల్యాణ్ ఆఖరి బస్సు పట్టుకుని హైదరాబాద్‌లో వాళ్లన్న దగ్గరికి వెళ్లిపోయాడు. హరిలాల్‌కు పోవడానికి చోటు లేదు. నర్సింహులపేట దగ్గర తండాలో ఇల్లుంది గానీ, దానికి తాళం వేసి ఉంది. అమ్మా నాయినా పుణెలో బిల్డింగ్ పనికి పోయారు.

ఊరంతా రోడ్డు మీదే ఉండేది. ఒకరోజు ధర్నా, ఒకరోజు వంటావార్పు. అతనూ వెళ్లేవాడు. అందరితో కలిసి గొంతు పోయేలా నినాదాలిచ్చేవాడు, విస్తట్లో పెట్టింది తినేవాడు. సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు పోతే మళ్లీ తనొక్కడే. నినాదం కాకుండా వేరే మాట, 'తిన్నవా' అన్న మాటైనా సరే, ఈ ఊళ్లో ఒక్క మనిషి తనతో అంటే చాలనిపించేది. ఎవరూ అనలేదు. ఆ ఒంటరితనం భరించలేకే ఈ ఆటలో పడ్డాడు.

సెంటర్ కమలాదేవిది. భర్త పోయాక ఆమే చూసుకుంటోంది. బంద్ కాబట్టి షట్టర్ సగం దించి, కౌంటర్ మీది కంప్యూటర్‌లో తల దూర్చి కూర్చుంటుంది. హాల్ టికెట్లో దరఖాస్తులో, ఎప్పుడూ ఏదో పని. పలకరిస్తే పలకదు, నవ్వితే నవ్వదు. ఆమెకంటే గోడతో మాట్లాడటం నయమనుకున్నాడు హరిలాల్.

మొదటి రోజు మాత్రం ఆమే వచ్చి ఆట తెరిచిపెట్టింది.

"గిండ్ల అవుతలి దిక్కు ఎవలు ఆడుతరమ్మా?"

"కంప్యూటరే ఆడుతది," అనేసి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఆట గొప్పతనం గురించి చెప్పాలంటే చాలా ఉంది. మాట్లాడే చెట్లు, రెక్కలున్న ఏనుగులు, మంత్రమేసి వాన కురిపించే ముసలమ్మ. నీ వంతు, నా వంతు అంటూ ఆగే పని లేదు. ఇద్దరూ ఒకేసారి కోటలు కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, కొట్టుకోవాలి. కాస్త ఏమరుపాటుగా ఉంటే కొంప కూలిపోతుంది.

కూలాలి. కానీ కూలదు. లోపమంతా అక్కడే ఉంది.

మధ్యలో అమ్మ ఫోన్ చేసేది. హరిలాల్ బయటికి వెళ్లి, తనకిక్కడ దోస్తులున్నారని, రోజూ కలిసి ఆడుకుంటున్నామని లంబాడీలో నిక్షేపంగా అబద్ధాలు చెప్పి వచ్చేవాడు. తిరిగొచ్చి చూస్తే అతని సైన్యం మీద ఈగైనా వాలి ఉండేది కాదు.

ఒకరోజు జ్వరంతోనే వచ్చాడు. దగ్గుతూ, కళ్లు మూతలు పడుతుంటే తలా తోకా లేకుండా ఆడాడు. డేగల వైద్యుడు కోట దిగి వచ్చి, హరిలాల్ సైనికులకే కట్లు కట్టి పోయాడు! ఇదెక్కడి శత్రువు?

ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా బతుకమ్మ ఆడిన రోజు ఇంకా ఘోరం. డేగల సైనికులు యుద్ధం మానేసి ఒక పూలచెట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆట చేసినవాళ్లు ఎక్కడో తప్పు చేశారనుకున్నాడు.

ఇక ఉండబట్టలేక కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, గీ ఆటల లోపాలున్నయి."

కమలాదేవి తలెత్తింది. "ఏం లోపాలు?"

"బొమ్మలు మంచిగున్నయి. పాట మంచిగుంది. గాని శత్రువుకే బుర్ర లేదు. కొట్టాల్సిన కాడ కొట్టడు. వట్టి పిచ్చోడు."

ఆమె కాసేపు కీబోర్డు వైపు చూసింది.

"మరి కొత్త ఆట తెప్పియ్యాల్నా?"

"తెప్పియ్యున్రి. గిసొంటోనితోటి ఎన్ని రోజులు ఆడాలె?"

సరేనని తలూపింది. తెప్పించనైతే లేదు.

తిట్టుకుంటూనే హరిలాల్ రోజూ వచ్చాడు. బుర్ర లేకపోతేనేం, ఎదురుగా ఎవరో ఉన్నట్టుండేది. ఆ కాసేపూ దిగులు తగ్గేది. కంప్యూటర్‌తోటి దోస్తానా ఏందిరా అని తనను తానే ఎగతాళి చేసుకునేవాడు.

బస్సులు మళ్లీ తిరగడం మొదలైంది. కల్యాణ్ వచ్చాడు. బ్యాగు గదిలో పడేసి నేరుగా నెట్ సెంటర్‌కే వచ్చాడు. చేతిలో సీడీ ఉంది.

"గీ పాత ఆట ఇంకెన్ని రోజులు ఆడుతవ్‌రా? కొత్తది తెచ్చిన. గిండ్ల శత్రువు నిన్ను ఊపిరి కూడ తీస్కోనియ్యడు."

హరిలాల్ తెర వైపు చూశాడు. డేగల సైన్యం బారులు తీరి నిలబడి ఉంది. అతను ఆట మొదలుపెట్టేదాకా అది అడుగు ముందుకు వేయదని అతనికి తెలుసు. మౌస్ మీద చెయ్యి ఎందుకో కదల్లేదు.

"ఏందిరా, మూసేస్తే అది ఏడుస్తదా?" కల్యాణ్ భుజం మీద చరిచాడు.

సిగ్గుపడి, హరిలాల్ ఆట మూసేశాడు.

కౌంటర్ వెనక కమలాదేవి తెర మీద, ఇన్నాళ్లుగా ఆమె కట్టుకున్న డేగలకోట నడుమ, 'అవతలి ఆటగాడు వెళ్లిపోయాడు' అన్న అక్షరాలు వచ్చి నిలిచాయి.